ల్యాబ్ జంతువులకు నివాళి, వాటిని సాకేవారికి అండ: తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్ శివార్లలోని ఒక పరిశోధన సంస్థ ఎనిమల్ హౌస్‌లో పశువైద్యుడిగా 18 ఏళ్ళుగా పనిచేస్తున్నాను. కొత్తగా చేరిన కుర్రాళ్ళు, వాళ్ళ ఇంట్లోవాళ్ళు, చూడ్డానికి వచ్చే విద్యార్థులు, అప్పుడప్పుడు పెళ్ళిళ్ళలో పక్కన కూర్చున్నవాళ్ళు నన్ను అడిగిన ప్రశ్నలు ఇవి. ప్రయోగాల్లో వాడిన జంతువులను తలచుకుంటూ మా సంస్థలో ఏటా ఒక సంస్మరణ సభ జరుపుతాం, చాలా ప్రశ్నలు దాని గురించే. నాకు తెలిసినంతలో, నమ్మినంతలో జవాబులు రాశాను.

ఎనిమల్ హౌస్ అంటే ఏమిటి? అక్కడ రోజంతా ఏం చేస్తారు?

పరిశోధనల కోసం జంతువులను పెంచే, ఉంచే చోటు. మన దగ్గర ఎక్కువగా ఉండేవి చిట్టెలుకలు, ఎలుకలు, కుందేళ్ళు, గినీ పిగ్‌లు, హామ్‌స్టర్‌లు. కుక్కలు, కోతులు కొన్ని సంస్థల్లో మాత్రమే ఉంటాయి.

జంతువులను సాకే అటెండర్లు, టెక్నీషియన్లు పొద్దున్నే స్నానం చేసి, సంస్థ ఇచ్చిన బట్టలు, మాస్కు, టోపీ, గ్లౌజులు వేసుకుని లోపలికి వెళ్తారు. ముందుగా ప్రతి కేజ్‌నూ చూస్తారు. ఎవరు తిన్నారు, ఎవరు తినలేదు, ఎవరు మూలకు ముడుచుకుని ఉన్నారు, నీళ్ళ సీసా కారుతోందా, రాత్రి పిల్లలు పుట్టాయా అన్నీ చూస్తారు. ఆ తర్వాత బెడ్డింగ్ మార్చడం, కేజ్‌లు కడగడం, ఆటోక్లేవ్ చేయడం (వేడి ఆవిరితో క్రిములను చంపే యంత్రంలో పెట్టడం), బరువులు తూచడం. బెడ్డింగ్ అంటే మన దగ్గర చాలాచోట్ల వరి పొట్టు, లేదంటే మొక్కజొన్న కంకి బెండును దంచి చేసిన పలుకులు. ఆటోక్లేవ్ లోంచి వేడివేడిగా తీసిన పొట్టు వాసన వడ్లు ఉడకబెట్టిన వాసనలా ఉంటుంది. నాకు ఎనిమల్ హౌస్ అనగానే గుర్తొచ్చేది ఆ వాసనే.

దసరా అయినా, బంద్ అయినా, వాన కుమ్మేసినా ఈ పని ఆగదు. 2020 లాక్‌డౌన్‌లో మా అటెండర్లు నలుగురు వంతులవారీగా లోపలే పడుకుని జంతువులను చూసుకున్నారు.

చివరికి చంపేవాటికి నివాళి ఏమిటి? ఇది నటన కాదా?

అందరికంటే సూటిగా ఈ ప్రశ్న అడిగింది మా అమ్మాయి. అప్పుడు తనకు పదకొండేళ్ళు.

నటన అయ్యే ప్రమాదం ఉంది, కాదనను. ఏడాదంతా కిక్కిరిసిన కేజ్‌ల్లో ఉంచి, నొప్పి మందు ఇవ్వాల్సిన చోట ఇవ్వకుండా, ఒక్కరోజు ఫొటోకు దండేస్తే అది నటనే. అలాంటిది నేను చూశాను కూడా. ఎక్కడో చెప్పను.

మా దగ్గర ఒక పెద్దాయన పాతికేళ్ళు అటెండర్‌గా చేసి రిటైరయ్యాడు. మేడ్చల్ వైపు పల్లె. కేజ్ మూత తీసేముందు గోటితో రెండుసార్లు మెల్లగా తట్టి "వస్తున్న బిడ్డా" అనేవాడు. నేను కొత్తలో ఎందుకు తాతా అని అడిగాను. "నిద్రల ఉన్నోళ్ళ మీద చెయ్యేస్తే ఉలిక్కిపడరా సారూ" అన్నాడు. ఎలుకలు పగలు పడుకుంటాయి, మనం వెళ్ళేది పగలు. ఆయన ఏ పుస్తకమూ చదివి ఈ మాట చెప్పలేదు. ఆయన గదిలోని ఎలుకలు బరువు తూచేటప్పుడు పెనుగులాడేవి కావు, చేతిలో మూత్రం పోసేవి కావు. నా దృష్టిలో ఆ రెండు తట్లే నివాళి. సభ పెట్టేది ఆ రెండు తట్లు కొట్టినవాళ్ళు నలుగురూ ఒకచోట చేరి మాట్లాడుకోవడానికి.

వీటి వల్ల మనకు నిజంగా ఒరిగిందేమిటి?

మన ఊళ్ళ నుంచే చెబుతాను.

కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు అనే మాట నలభై దాటినవాళ్ళందరికీ గుర్తుంటుంది. ఆ మందు గొర్రె మెదడు నుంచి తయారయ్యేది. గొర్రెకు రేబిస్ వైరస్ ఎక్కించి, దాని మెదడుతో టీకా చేసేవాళ్ళు. 2004 ఆఖరుకు మన దేశంలో దాన్ని ఆపేశారు. ఇప్పుడు వేసే టీకా ల్యాబ్‌లో పెంచిన కణాల మీద తయారవుతుంది, చేతికే వేస్తారు. ఎన్ని గొర్రెల ప్రాణాలతో తయారైన టీకా ఆ పాతది! ఎంతమంది పిల్లలను కాపాడిందో, ఎన్ని గొర్రెలను తీసుకుందో రెండూ ఒకేసారి తలచుకోవాలి.

బోదకాలు సంగతి చూడండి. ప్రభుత్వం ఊరూరా పంచిన డీఈసీ మాత్రలు మనలో చాలామంది మింగాం. ఆ మందు 1947 ప్రాంతంలో అమెరికాలోని లెడర్లీ ల్యాబ్స్‌లో బయటపడింది. అప్పుడు అక్కడి పరిశోధనలకు పెద్ద దిక్కు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. బోదకాలు తెచ్చే ఫైలేరియా లాంటి పురుగు సోకిన కాటన్ ర్యాట్ అనే ఎలుకల మీద మందులు ఒక్కొక్కటే పరీక్షిస్తూ పోతే దొరికిందది. గోదావరి జిల్లాల మనిషి పనిచేసిన చోట ఎలుకలు చూపించిన మందు తిరిగి గోదావరి జిల్లాల కాళ్ళను కాపాడింది. సుబ్బారావు గారిని మరిచిపోయామని బాధపడే వ్యాసాలు చాలా చదివాను. ఆ ఎలుకల గురించి ఒక్క వాక్యం చదవలేదు.

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో బెరిబెరి (బి1 విటమిన్ లోపంతో వచ్చే జబ్బు) మీద పరిశోధన చేసే చిన్న విభాగంగా మొదలైంది, 1958లో హైదరాబాద్‌కు వచ్చింది. దాన్ని మొదలుపెట్టిన రాబర్ట్ మెకారిసన్ పావురాలకు, ఎలుకలకు రకరకాల ప్రాంతాల తిండి పెట్టి చూశాడు. పాలిష్ పట్టిన తెల్లన్నం ఎక్కువగా, పప్పు, పాలు, కూరగాయలు తక్కువగా తిన్న ఎలుకలు గిడసబారాయి, జబ్బుపడ్డాయి. మన ఇళ్ళలో ఇప్పుడు దంపుడు బియ్యం గురించి చెప్పుకునే మాటల వెనక ఆ పావురాలూ, ఎలుకలూ ఉన్నాయి.

కోవిడ్ వచ్చినప్పుడు కోవాగ్జిన్‌ను 20 రీసస్ కోతుల మీద, అయిదేసి చొప్పున నాలుగు గుంపులు చేసి పుణెలో పరీక్షించారు. హామ్‌స్టర్‌ల మీదా చూశారు. హైదరాబాద్ పక్కనున్న జీనోమ్ వ్యాలీలో తయారైన వ్యాక్సిన్ అని మనం గర్వంగా చెప్పుకుంటాం. చెప్పుకోవాలి కూడా. ఆ ఇరవై కోతులను కూడా కలిపి చెప్పుకుందాం.

పాము కాటుకు ఇచ్చే విరుగుడు మందు గుర్రాల రక్తం నుంచి వస్తుంది. పొలంలో కట్లపాము కరిచి బతికి బయటపడిన ప్రతి రైతు ఒంట్లో కొన్నాళ్ళపాటు ఒక గుర్రం ఇచ్చిన రక్షణ తిరిగింది.

జంతువులు లేకుండా పరిశోధన చేయలేమా?

కొన్నిచోట్ల చేయగలం, చేస్తున్నాం. సౌందర్య సాధనాలను జంతువుల మీద పరీక్షించడాన్ని మన దేశం 2014లో నిషేధించింది. డిగ్రీ జువాలజీలో కప్పను కోసే ప్రాక్టికల్స్ కూడా పోయాయి. కొత్త మందుల నిబంధనల్లో 2023లో మార్పు చేసి, పెంచిన కణాలు, చిప్ మీద అవయవాలు (అవయవంలా పనిచేసేలా కణాలను పెంచిన చిన్న చిప్‌లు), కంప్యూటర్ లెక్కలు వంటి పద్ధతులకు కూడా చోటిచ్చారు.

గర్భిణికి మందు ఇస్తే కడుపులో బిడ్డకు ఏమవుతుంది, మెదడులోకి వెళ్ళిన మందు నెలల తర్వాత ఏం చేస్తుంది లాంటి ప్రశ్నలకు ఇంకా పూర్తి ప్రత్యామ్నాయం లేదు. నా ఉద్యోగం అవసరం లేని రోజు రావాలనే నా కోరిక. అప్పటివరకు ఉన్నవాటిని బాగా చూసుకునేవాళ్ళు కావాలి.

చట్టం ఏమంటుంది?

1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద ఒక జాతీయ కమిటీ ఉంది. చాలాకాలం సీపీసీఎస్ఈఏ అనేవాళ్ళు, ఇప్పుడు సీసీఎస్ఈఏ. 1998లో వచ్చిన నిబంధనల ప్రకారం జంతువుల మీద ప్రయోగం చేసే ప్రతి సంస్థా అక్కడ నమోదు కావాలి, తనకంటూ ఎథిక్స్ కమిటీ పెట్టుకోవాలి. ఆ కమిటీలో పశువైద్యుడు, బయటి శాస్త్రవేత్త, సైన్సుతో సంబంధం లేని సామాజిక స్పృహ ఉన్న మనిషి, జాతీయ కమిటీ పంపిన ప్రతినిధి ఉండాలి. ఎలుకలు, కుందేళ్ళ లాంటి చిన్న జంతువులకు ఈ కమిటీ అనుమతి చాలు. కుక్కలు, కోతుల వంటి పెద్దవాటికి జాతీయ కమిటీ దాకా వెళ్ళాలి.

కమిటీలో కూర్చున్న అనుభవంతో ఒక మాట. సైన్సు తెలియని ఆ సభ్యుడు ఎవరైతే ఉంటారో, ఆయన అడిగే "ఇన్ని ఎందుకండీ? సగం చాలవా?" అన్న ప్రశ్నే చాలా జంతువులను కాపాడింది. 1959లో రస్సెల్, బర్చ్ అనే ఇద్దరు ఇంగ్లీషు శాస్త్రవేత్తలు చెప్పిన మూడు సూత్రాలూ అక్కడికే వస్తాయి: వీలైతే జంతువు లేకుండా చెయ్యి, తప్పకపోతే తక్కువతో చెయ్యి, చేసేది బాధ తగ్గించి చెయ్యి. మన దేశంలో దీనికి నాలుగోది కలిపారు, పని అయ్యాక మిగిలినవాటి పునరావాసం.

వేరే దేశాల్లో నివాళి ఎలా అర్పిస్తారు?

జపాన్‌లో చాలా విశ్వవిద్యాలయాల్లో, మందుల కంపెనీల్లో ఏటా ఒక సంస్మరణ సభ జరుగుతుంది. ఆవరణలో రాతి స్మారకం ఉంటుంది, దాని ముందు పూలు పెడతారు. శాస్త్రవేత్త, విద్యార్థి, కేజ్‌లు కడిగే మనిషి ఒకే వరసలో నిలబడతారు. నాకు ఆ ఒకే వరస నచ్చింది.

రష్యాలోని నోవోసిబిర్స్క్‌లో 2013లో ఒక కంచు చిట్టెలుక విగ్రహం పెట్టారు. కళ్ళద్దాలు పెట్టుకుని, ముసలి అవ్వలా అల్లిక సూదులతో డీఎన్ఏ అల్లుతూ ఉంటుంది. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో, శాస్త్రవేత్త పావ్లోవ్ ప్రయోగాల్లో వాడిన కుక్కకు 1935 నుంచే విగ్రహం ఉంది. ఇంగ్లండ్‌లోది వేరే కథ. లండన్‌లోని బాటర్సీలో 1906లో గోధుమ రంగు కుక్క విగ్రహం ఒకటి పెట్టారు, అది ప్రయోగాలకు నిరసనగా. దాని మీద వైద్య విద్యార్థులు అల్లర్లు చేశారు, 1910లో తీసేశారు, 1985లో మళ్ళీ కొత్తది పెట్టారు. కృతజ్ఞతకీ విగ్రహమే, నిరసనకీ విగ్రహమే.

మన సంప్రదాయంలో దీనికి చోటుందా?

కనుమ ఉంది కదా. ఏడాదంతా మన కోసం చాకిరీ చేసిన పశువులకు ఆ రోజు కాడి ఎత్తరు. కడిగి, కొమ్ములకు రంగులేసి, పొంగలి పెడతారు. జంతువు రుణం తీర్చుకోవడానికి ఒక రోజు పెట్టుకున్న జాతి మనది.

ఇక ఆయుధ పూజకు మా దగ్గర ఆటోక్లేవ్‌కు, కేజ్ వాషర్‌కు, తూనిక యంత్రానికి కుంకుమబొట్టు పెడతాం. ఒక ఏడాది మా టెక్నీషియన్ ఒకమ్మాయి కొబ్బరికాయ కొట్టాక, "మిషన్లకు పెట్టాం సార్, వాటికి?" అని ఎలుకల గది వైపు చూపించింది. నా దగ్గర జవాబు లేదు. మా సంస్మరణ మొదలైంది ఆ మాటతోనే.

జంతువులకు పేర్లు పెట్టవచ్చా?

కుక్కలకు, కోతులకు తప్పకుండా పెట్టండి. ఎలుకలకు నంబర్లే ఉంటాయి. ఇప్పటికీ చాలాచోట్ల పిక్రిక్ యాసిడ్‌తో తల మీద, వీపు మీద, తోక మీద పసుపు గుర్తు పెట్టి పోల్చుకుంటాం. తెల్లటి ఎలుక నెత్తిన ఆ పసుపు చూస్తే పెళ్ళికూతురిని చేసినట్టుంటుంది. పేరు పెడితే మనసు ముడిపడుతుందని కొందరు వద్దంటారు. నేను చూసినంతలో పేరు పెట్టకపోయినా ముడిపడుతుంది. నంబరుతోనే ముడిపడిపోతుంది.

"శాక్రిఫైస్" అన్న మాట ఎందుకు వాడతారు?

ల్యాబ్‌లో చంపడాన్ని అలాగే అంటారు. "రేపు థర్డ్ గ్రూప్ శాక్రిఫైస్ ఉంది" అంటారు, రిజిస్టర్‌లోనూ అదే రాస్తారు. తెలుగులో చెబితే బలి. నాకైతే ఆ మాట అంత నచ్చదు, ఎందుకంటే ఆ ఎలుక ఏమీ త్యాగం చేయలేదు, దాన్ని ఎవరూ అడగలేదు. కానీ "డిస్పోజ్ చేశాం" అనే మాట ఇంకా ఘోరం. కొత్తవాళ్ళకు నేను "నొప్పి లేకుండా చంపాం" అనే చెప్పమంటాను.

చంపే రోజు సాకినవాళ్ళకు ఎలా ఉంటుంది?

ఆరు నెలలు బరువు తూచి, పళ్ళు పెరిగితే కత్తిరించి, విరేచనాలైతే తుడిచి, చివరికి అదే చేత్తో మత్తు పెట్టాలి. ఆ రోజు ఎక్కువ మాట్లాడుకోరు. టిఫిన్ బాక్స్ తెరవరు కొందరు. ఒకతను సాయంత్రం ఖాళీ కేజ్‌లను మామూలుకంటే రెండు రెట్లు సేపు కడగడం చూశాను. నీళ్ళు పోస్తూనే ఉన్నాడు.

ప్రేమగా చూసుకున్నవాళ్ళకే ఈ బాధ ఎక్కువ. ఏళ్ళ తరబడి పేరుకుంటే నిద్ర పట్టదు, చిన్నదానికీ చిరాకు, జంతువుల మీద చేయి మొరటుగా పడడం మొదలవుతుంది. కొందరు తాగుడుకు అలవాటు పడతారు. కొందరు రాయిలా అయిపోతారు, నాకు అందరికంటే టెన్షన్ వాళ్ళ గురించే.

నాకు ఏడుపు వస్తోంది. ఈ ఉద్యోగానికి పనికిరానా?

పనికొస్తారు. మీలాంటివాళ్ళే కావాలి.

అయితే ఒంటరిగా మోయకండి. మీ సూపర్‌వైజర్‌తో చెప్పండి, ఆ రోజు పని ఇంకొకరికి మార్చమని అడగండి. వారాల తరబడి నిద్ర లేకపోయినా, బతకాలనిపించకపోయినా టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. ప్రభుత్వానిదే, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు.

నేను ల్యాబ్ ఇన్‌ఛార్జ్‌ని. మా అటెండర్ల కోసం ఏం చేయాలి?

ముందు జీతం. చాలాచోట్ల వీళ్ళు ఏజెన్సీ ద్వారా వచ్చిన కాంట్రాక్టు మనుషులు. పండగ రోజు డ్యూటీ చేస్తే అదనపు డబ్బు, బదులు సెలవు ఇవ్వండి. నేను మునుపు పనిచేసిన ఒకచోట మూడు నెలలు జీతం ఆలస్యమైతే, ఒకామె తన గొలుసు కుదువపెట్టి బస్ పాస్ కొనుక్కుని మరీ వచ్చింది, "ఆదివారం నేను రాకుంటే వాటికి నీళ్ళెవరు పెడతరు" అని. అలాంటి మనిషికి మెమెంటో ఇచ్చి ఫొటో దిగితే సరిపోదు.

చంపే పనిని ఒక్కరి మీదే వేయకండి, వంతులు పెట్టండి. ఇష్టం లేదన్నవాళ్ళను నిలదీయకండి. ఎప్పుడో ముందుగా చెప్పండి, పొద్దున వచ్చి కేజ్ ఖాళీగా చూసి తెలుసుకునే పరిస్థితి రానివ్వకండి. వీడ్కోలు చెప్పుకునే సమయం ఇవ్వండి.

నేర్పించండి. చిట్టెలుకను తోక పట్టుకుని ఎత్తడం మనందరికీ నేర్పిన పద్ధతి. 2010లో లివర్‌పూల్ శాస్త్రవేత్తలు దాన్ని పరీక్షించి చూశారు. తోక పట్టి ఎత్తితే బెదురు పెరుగుతుంది, చిన్న గొట్టంలోకి నడిపించి గానీ దోసిట్లో గానీ ఎత్తితే అవే మన దగ్గరికి వస్తాయి. మా దగ్గర మొదలుపెట్టిన నెలకే తేడా కనిపించింది. దోసిట్లో ఎత్తిన చిట్టెలుక మీసాలు ఆడిస్తూ వేళ్ళ సందుల్లోంచి తొంగిచూస్తుంది. అటెండర్ల మొహాలు కూడా మారాయి. హైదరాబాద్‌లోనే ల్యాబ్ జంతువుల సంరక్షణలో శిక్షణ ఇస్తారు. సైంటిస్టులను పంపినట్టే టెక్నీషియన్లనూ పంపండి.

అన్నిటికంటే ఖర్చులేనిది ఒకటుంది. ప్రయోగం ఏం తేల్చిందో వాళ్ళకు తెలుగులో చెప్పండి. మా సంస్థలో ఒక సైంటిస్ట్ మేడం షుగర్ మందు పరిశోధన పూర్తయ్యాక అటెండర్లను కూర్చోబెట్టి పావుగంట చెప్పారు. వెనక కూర్చున్న ఒకాయన లేచి, "మా అవ్వకు వేసేది ఇసుంటి గోలీయేనా మేడం?" అని అడిగాడు. పన్నెండేళ్ళ సర్వీసులో ఆయన అడిగిన మొదటి ప్రశ్న అది. అంతవరకూ ఆయనకు ఎవరూ ఏమీ చెప్పలేదు.

ఈ పని వల్ల ఆరోగ్యానికి ఇబ్బందా?

ఎలుకల మూత్రంలోని ప్రొటీన్ల వల్ల చాలామందికి అలర్జీ వస్తుంది. తుమ్ములు, దద్దుర్లతో మొదలై ఉబ్బసం దాకా పోవచ్చు. ఎన్95 మాస్కు, గాలి సరిగా ఆడే గది, ఏటా ఊపిరితిత్తుల పరీక్ష తప్పనిసరి. కరిస్తే దాచకుండా చెప్పండి.

ప్రయోగం అయ్యాక జంతువులను పెంచుకోవచ్చా?

కొన్నిటిని. బెంగళూరులో క్యూపా అనే సంస్థ ల్యాబుల నుంచి వచ్చిన బీగిల్ కుక్కలను కుటుంబాలకు దత్తత ఇచ్చింది. పుట్టినప్పటి నుంచి సిమెంటు గచ్చు తప్ప చూడని కుక్క గడ్డి మీద మొదటిసారి కాలు పెట్టడానికి జంకుతుంది. మెట్లెక్కడం రాదు, ప్రెషర్ కుక్కర్ విజిల్‌కు మంచం కిందికి దూరుతుంది. ఓపిక ఉన్నవాళ్ళే తీసుకోవాలి. వైరస్ ఎక్కించినవాటిని, జన్యువులు మార్చినవాటిని బయటికి ఇవ్వరు, ఇవ్వకూడదు.

"ఎలుకల ఉద్యోగమా?" అని చుట్టాలు నవ్వుతున్నారు. పెళ్ళి సంబంధాలు కూడా వెనక్కి పోతున్నాయి. ఏం చెప్పాలి?

ఇది నిజంగా జరుగుతోంది, మా కుర్రాళ్ళలో ఇద్దరికి జరిగింది. ఒకతని తరఫున నేనే వెళ్ళాను. పెళ్ళికూతురి తండ్రి ముందు కూర్చుని, "మీరు పొద్దున వేసుకున్న బీపీ మాత్ర మీ దాకా రాకముందు మావాడి లాంటివాడి చేతుల మీదుగా వెళ్ళిందండీ" అన్నాను. ఆయన వెంటనే ఏమీ అనలేదు. టీ ఇచ్చారు. తర్వాత సంబంధం కుదిరింది.

మా సంస్థలో సంస్మరణ జరపాలనుకుంటున్నాం. ఎలా చేయాలి?

ఏప్రిల్ 24ను ప్రపంచ ల్యాబ్ జంతువుల దినంగా కొన్ని సంఘాలు జరుపుతాయి, అది 1979 నుంచి ఉంది. అది ఎక్కువగా నిరసన రోజు. జనవరి చివర్లో ల్యాబ్ జంతువుల టెక్నీషియన్ల వారం వస్తుంది, సంక్రాంతి అయిన కొద్దిరోజులకే. మేము దాన్ని ఎంచుకున్నాం.

మా దగ్గర ఎలా చేస్తామో చెబుతాను. పొద్దున తిండి, నీళ్ళు, బెడ్డింగ్ పని అయ్యాక పది గంటలకు వాషింగ్ ఏరియా బయట వేపచెట్టు కింద చేరతాం. డైరెక్టర్ వస్తే అందరితోపాటు నిలబడతారు, కుర్చీ వేయం. ఏ మతం పూజా పెట్టం, ఎవరి దేవుణ్ణి వాళ్ళు మనసులో తలచుకోవచ్చు. ఆ ఏడాది ఏ జాతివి ఎన్ని వాడామో ఒక టెక్నీషియన్ గట్టిగా చదువుతారు. అంకె దాచం. మొదటి ఏడాది అంకె చదివేటప్పుడు ఆ అమ్మాయి గొంతు పూడుకుపోయింది, పక్కనున్న సైంటిస్ట్ కాగితం అందుకుని మిగతాది చదివారు. ఆ ఏడాది ఎన్నిటిని వాడకుండా ఆపగలిగామో కూడా చదువుతాం. తర్వాత రెండు నిమిషాలు మౌనం. ఆపైన ఎవరికి తోచింది వాళ్ళు చెప్పవచ్చు, చెప్పకపోనూవచ్చు. చెట్టు మొదట్లో ఒక చిన్న నల్లరాయి ఉంది. దాని మీద ఏమీ రాయలేదు, ఏం రాయాలో తేలలేదు. పాతికేళ్ళు చేసిన ఆ పెద్దాయన రిటైరయ్యాక కూడా ఆ రోజుకు బస్సెక్కి వస్తాడు. రాయి పక్కన గుప్పెడు వడ్లు పోసి, వంగి, గోటితో దాన్ని రెండుసార్లు తడతాడు.